రాత్రి డ్యూటీలో ఎవరున్నారు?
సందేహాలు - సమాధానాలు

వృద్ధాశ్రమాల్లో, అసిస్టెడ్ లివింగ్ హోముల్లో సిబ్బందికి ఏ వైద్య శిక్షణ ఉండాలో అడుగుతూ పాఠకులు రాసిన ఉత్తరాలకు నర్సింగ్ శిక్షకురాలి జవాబులు.

ప్రశ్న: మా అమ్మకు 78 ఏళ్లు. షుగర్‌కి ఇన్సులిన్ తీసుకుంటుంది. మూడేళ్ల కిందట చిన్నగా పక్షవాతం వచ్చి తగ్గింది. హైదరాబాద్ శివార్లలో ఒక హోమ్ చూశాం. గదులు బావున్నాయి, తోట ఉంది. 'ఇరవైనాలుగు గంటల నర్సింగ్, శిక్షణ పొందిన సిబ్బంది' అని బ్రోచర్లో వేశారు. నేను డాలస్‌లో ఉంటాను, తరచూ వచ్చి చూసే వీల్లేదు. వాళ్ల శిక్షణ ఎంత నిజమో తెలుసుకునే దారి ఉందా?
- ఒక కూతురు, డాలస్

జవాబు: ఉందమ్మా. ముందుగా, అక్కడ పనిచేసేవాళ్లలో ఎవరేం చదివారో అడగండి. మన హోముల్లో యూనిఫాం వేసుకున్న ప్రతి అమ్మాయినీ 'సిస్టర్' అనే పిలుస్తారు. ఆమె మూడేళ్ల జీఎన్ఎం గానీ నాలుగేళ్ల బీఎస్సీ నర్సింగ్ గానీ చదివి నర్సింగ్ కౌన్సిల్లో రిజిస్టర్ అయిన నర్సు కావచ్చు. కొన్ని నెలల జనరల్ డ్యూటీ అసిస్టెంట్ కోర్సు చేసిన అమ్మాయి కావచ్చు. ఏ కోర్సూ చేయకుండా మొన్ననే పనిలో చేరిన ఆయా కూడా కావచ్చు. హోమ్‌కి వీళ్లందరూ కావాలి. చిక్కల్లా ఒకరి పని ఇంకొకరి నెత్తిన పడ్డప్పుడే. నర్సుల రిజిస్ట్రేషన్ నంబర్లు అడగండి. ఆ మాటకే మొహం మాడ్చుకునే మేనేజర్ ఉన్నచోట మీ అమ్మగారిని ఉంచకండి.

రెండోది, మేనేజర్ చెప్పేది విన్నాక రాత్రి డ్యూటీ ఆయాతో మాట్లాడతానని అడగండి. మనకు రాత్రి రెండు గంటలంటే మీకు మధ్యాహ్నం. ముందుగా అనుమతి తీసుకుని ఆ వేళకే ఫోన్ చేయండి. ఫోన్ ఎత్తడానికి ఎంతసేపు పట్టిందో కూడా చూసుకోండి. ఎత్తినామెను రెండే ప్రశ్నలు అడగండి.

'ఒక పెద్దావిడకు ఒళ్లంతా చెమటలు పట్టాయి, పొంతన లేకుండా మాట్లాడుతోంది. ఏం చేస్తావమ్మా?' ఇది మొదటి ప్రశ్న. గ్లూకోమీటర్‌తో షుగర్ చూస్తాననే మాట ముందు రావాలి. 70 కంటే తక్కువుంటే, మనిషి తెలివిలో ఉండి మింగగలిగితే, మూడు నాలుగు చెంచాల గ్లూకోజో పంచదారో నీళ్లలో కలిపి తాగించాలి. పావుగంట ఆగి మళ్లీ షుగర్ చూడాలి. స్పృహ లేకపోతే నోట్లో చుక్క కూడా పోయకూడదు. పక్కకు తిప్పి పడుకోబెట్టి 108కి ఫోన్ చేయాలి. 'డాక్టర్‌గారికి ఫోన్ చేస్తాను' అని ఊరుకుంటే అది సగం జవాబే. డాక్టర్ ఫోన్ ఎత్తేలోపు జరిగే నష్టం జరిగిపోతుంది.

'ఆవిడ మూతి ఒక పక్కకు లాగింది, ఒక చెయ్యి లేవడం లేదు, మాట ముద్దముద్దగా వస్తోంది. అప్పుడేం చేస్తావు?' ఇది రెండోది. 108కి ఫోన్ చేసి, సీటీ స్కాన్ ఉన్న ఆసుపత్రికి వెంటనే తీసుకెళ్లాలి. రక్తపు గడ్డను కరిగించే ఇంజెక్షన్‌కి సాధారణంగా నాలుగున్నర గంటలే గడువు. ఆ గడువును లక్షణాలు మనకంటపడ్డ క్షణం నుంచి లెక్కపెట్టరు. మనిషి ఆఖరిసారి మామూలుగా కనబడిన సమయం నుంచి లెక్కపెడతారు. రాత్రి పదింటికి దుప్పటి కప్పి, పొద్దున ఆరింటికి తలుపు తీస్తే ఎనిమిది గంటలు పోయినట్టే లెక్క. రాత్రి రెండేసి గంటలకోసారి గదిగదికీ వెళ్లి చూసి, టైము వేసి సంతకం పెట్టే పుస్తకం ఉందేమో కనుక్కోండి. ఆ పేజీని ఫొటో తీసి పంపమనండి. అన్ని సంతకాలూ ఒకే సిరాతో, ఒకే ఊపులో ఉంటే తెల్లారాక కూర్చుని నింపారన్నమాట.

హోమ్ తలుపుమీద అతికించిన సర్టిఫికెట్ల కంటే ఈ రెండు జవాబులకే నేను ఎక్కువ విలువిస్తాను.

ప్రశ్న: రాజమండ్రి దగ్గర 22 మంది ఉండే చిన్న హోమ్ నడుపుతున్నాను. పగలు ఒక జీఎన్ఎం నర్సు, రెండు షిఫ్టుల్లో కలిపి ఏడుగురు ఆయాలు. పని నేర్పిన ఆయాలు నాలుగు నెలలు తిరక్కుండా పై జీతానికి వెళ్లిపోతున్నారు. మళ్లీ మొదటికొస్తున్నాం. శిక్షణకు పెట్టే డబ్బు దండగ అనిపిస్తోంది. ఎక్కడ మొదలుపెట్టమంటారు?
- ఒక నిర్వాహకుడు, తూర్పుగోదావరి

జవాబు: జీతం దగ్గర మొదలుపెట్టండి. వాళ్లు ఎందుకు వెళ్లిపోతున్నారో మీ ఉత్తరంలో మీరే రాశారు. అక్కడ సర్దుబాటు చేయకుండా ఏం నేర్పినా, ఎదురువీధి హోమ్‌కి మీరు ఖర్చుపెట్టి మనుషుల్ని తయారుచేసి పంపినట్టే.

ఇక నేర్పే పద్ధతి. ఏడాదికోసారి హోటల్లో హాలు తీసుకుని, తెర దించి, స్లైడ్లు వేసి, భోజనాలు పెట్టే శిక్షణ మానేయండి. ఫొటోలు తప్ప ఏమీ మిగలవు. మీ నర్సు చేత రోజూ షిఫ్టు మారే వేళ ఇరవై నిమిషాలు చెప్పించండి. రోజుకి ఒకటే విషయం. ఆమె చేసి చూపించాలి, ఆయా చేసి చూపించాలి. బీపీ మిషన్ పట్టీ ఎక్కడ కట్టాలో, మంచంమీద మనిషిని నడుం పట్టకుండా ఎలా తిప్పాలో, యూరిన్ బ్యాగ్ ఎప్పుడూ నడుముకంటే కిందే ఎందుకుండాలో మాటలతో చెబితే రాదు. చేత్తో చేయాలి. కొత్తగా చేరినామెకు మొదటివారం రాత్రి డ్యూటీ ఒంటరిగా వేయకండి, మనిషి తక్కువైనా సరే.

చేతిపని కంటే ముందు నేర్పాల్సింది కనిపెట్టడం. డాక్టర్ వారానికోసారి వస్తాడు. నర్సు పూటకోసారి చూస్తుంది. స్నానం చేయించి, అన్నం కలిపిపెట్టి, బాత్రూంకి నడిపించే ఆయాయే రోజంతా పక్కనుంటుంది. 'మామ్మగారు నిన్న రెండు ఇడ్లీలు తిన్నారు, ఇవాళ ముట్టలేదు' అన్నది ఆమెకే తెలుసు. ముసలివాళ్లకు న్యుమోనియా వచ్చినా జ్వరం రాకపోవచ్చు. గుండెపోటులో ఛాతీ నొప్పి లేకపోవచ్చు. మొదట కనబడేది తిండి తగ్గడమో, నడక తూలడమో, మగతగా ఉండడమో. అమెరికా నర్సింగ్ హోముల్లో దీనికోసం 'స్టాప్ అండ్ వాచ్' అని ఒక చిన్న కార్డు వాడతారు. అందులో రోగాల పేర్లు ఉండవు. మాట తగ్గిందా, తిండి తగ్గిందా, నీరసమా, ఒంటిరంగు మారిందా అని టిక్కులు పెట్టే గళ్లుంటాయి. మీ హోమ్‌కి తెలుగులో అలాంటిది ఒక అరపేజీ కార్డు మీరే వేయించుకోండి. చదువురానివాళ్లు, ఒడిశా నుంచి వచ్చినవాళ్లు ఉంటే గళ్లల్లో బొమ్మలు గీయించండి.

కార్డు నిండాక దాన్ని ఎవరు చదువుతారన్నది అసలు పరీక్ష. ఆయా వచ్చి 'ఎందుకో తాతగారు తేడాగా ఉన్నారండీ' అంటే 'నీకేం తెలుసు, నీ పని నువ్వు చూసుకో' అన్న నర్సు మీ హోమ్‌లో ఉంటే శిక్షణ మొదట ఆవిడకు కావాలి. ఒకసారి చీవాట్లు తిన్న ఆయా రెండోసారి నోరు విప్పదు.

రాత్రిపూట నర్సు లేదని రాశారు. అప్పుడు ఆయాయే డాక్టర్‌కి ఫోన్ చేయాలి. కంగారులో ఏదీ సరిగ్గా చెప్పలేరు. ఫోన్ పక్కన గోడమీద నాలుగు వరుసలు రాసిపెట్టండి: ఇప్పుడేమైంది; ఈయనకు ఏ జబ్బులున్నాయి, ఏ మందులు వాడుతున్నారు; బీపీ, షుగర్, నాడి ఎంతున్నాయి; మీరు రావాలా, ఆసుపత్రికి తీసుకెళ్లాలా. ఈ వరస అమెరికా నౌకాదళపు అణు జలాంతర్గాముల్లో పుట్టి, అక్కడి కైసర్ పర్మనెంటే ఆసుపత్రుల ద్వారా ప్రపంచమంతా పాకింది. జలాంతర్గామిలో పనికొచ్చింది రాజమండ్రిలోనూ పనికొస్తుంది. డాక్టర్‌కైతే నిద్రమత్తులో అరనిమిషంలో విషయం అర్థమవుతుంది.

ఇవి చేసి చూసి, పడిపోయినప్పుడు ఏం చేయాలన్నది తర్వాతి పాఠంగా పెట్టుకోండి. పడ్డ మనిషిని చంకల్లో చేతులు వేసి గబుక్కున లేపడం మనవాళ్లకు అలవాటు. లేపకూడదు. ముందు మాట్లాడించాలి, తల తగిలిందేమో అడగాలి, కాళ్లు చూడాలి. ఒక కాలు పొట్టిగా కనబడి పాదం బయటికి తిరిగి ఉంటే తుంటి విరిగిందని అనుమానించాలి. రక్తం పల్చబడే మందు వాడుతున్నవాళ్లకు తల తగిలితే, లేచి నవ్వుతూ కూర్చున్నా ఆసుపత్రికి పంపాల్సిందే.

ప్రశ్న: అమ్మా, నేను పది వరకు చదివాను. విజయవాడలో ఒక హోమ్‌లో ఆయాగా చేస్తున్నాను. రాత్రి నర్సమ్మ ఉండదు. పొద్దున టిఫిన్‌కి ముందు నలుగురికి నన్నే ఇన్సులిన్ వేయమంటారు. ఒకరోజు చూపించారు. సిరంజిలు రెండురకాలున్నాయి. భయమేస్తోంది. వేయనంటే పని పోతుంది.
- ఒక ఆయా, విజయవాడ

జవాబు: నీ భయం సరైనదే తల్లీ. హోమ్‌లో ఇంజెక్షన్ వేయడం నర్సు పని. ఇంట్లో అయితే డాక్టర్ నేర్పాక కొడుకో కోడలో వేస్తారు కదా అని మీ మేనేజర్ అనొచ్చు. ఇంట్లో ఉండేది ఒక్క మనిషి, ఒక్క మందు. నీ దగ్గర నలుగురు, నాలుగు డోసులు. పొద్దున ఆరున్నరకు నర్సును రప్పించమని అడుగు. ఈ జవాబు కత్తిరించి చూపించు.

ఆ రెండు సిరంజిల సంగతి మాత్రం ఇవాళే తెలుసుకో. ఎర్రమూత ఉన్నది 40 సిరంజి. మన దేశంలో మామూలుగా దొరికే ఇన్సులిన్ సీసాలమీద 40 అని ఉంటుంది, వాటికే ఇది. నారింజరంగు మూతది 100 సిరంజి. పెన్నుల్లో వచ్చే ఇన్సులిన్ 100 రకం. కొన్ని సీసాలు కూడా 100వి ఉంటాయి. సీసామీద అంకె, సిరంజిమీద అంకె ఒకటే కావాలి. కలవకపోతే ఆపేసి నర్సుకి ఫోన్ చేయి. పెన్ను పాడైందని అందులోని మందును ఎర్రమూత సిరంజితో 20 గీత దాకా లాగితే ఒంట్లోకి వెళ్లేది 20 యూనిట్లు కాదు, 50. ముసలిప్రాణం తట్టుకోలేదు.

ఇంకో సంగతి. టిఫిన్ తింటారని రూఢి అయ్యాకే ఇన్సులిన్. కార్తీక సోమవారాలు, ఏకాదశులు వస్తే పెద్దవాళ్లు చెప్పకుండా ఉపవాసం ఉంటారు. 'ఇవాళ ఏం తింటున్నారు మామ్మా?' అని ముందే అడుగు. తిననంటే ఆ పూట ఎంత వేయాలో, అసలు వేయాలో వద్దో డాక్టర్ చెప్పాలి, నువ్వూ కాదు, మేనేజరూ కాదు. వాడిన సూదికి మూత మళ్లీ పెట్టకు, సూది దిగని గట్టి డబ్బాలో వేయి. పొరపాటున గుచ్చుకుంటే సబ్బునీళ్లతో కడుక్కుని ఆ రోజే డాక్టర్‌కి చూపించుకో. నొక్కి రక్తం పిండకు. హెపటైటిస్ బి టీకా మూడు డోసులు హోమ్ ఖర్చుతో వేయించమని అడుగు.

ప్రశ్న: మా అత్తగారు తుంటి విరిగి హోమ్‌లో మంచాన ఉన్నారు. నడుం కింద ఎర్రమచ్చ వచ్చింది. ఆయా రోజూ స్పిరిట్ రాసి గట్టిగా మర్దన చేసి పౌడర్ వేస్తోంది. మంచి ఎయిర్ బెడ్ కూడా కొనిచ్చాం. అయినా తగ్గడం లేదు.
- ఒక కోడలు, నెల్లూరు

జవాబు: మర్దన ఈ రోజే ఆపించండి. ఎర్రబడినచోట లోపలి కండ అప్పటికే దెబ్బతిని ఉండవచ్చు, రుద్దితే ఇంకా చితుకుతుంది. స్పిరిట్ చర్మాన్ని ఎండగడుతుంది. ఆ ఆయాను తిట్టకండి. స్పిరిట్, పౌడర్ వైద్యం ఒకప్పుడు నర్సింగ్ స్కూళ్లలోనే నేర్పేవాళ్లు.

మచ్చమీద వేలితో నొక్కి తీయండి. తెల్లబడి మళ్లీ ఎర్రబడితే ఇంకా ఫరవాలేదు. నొక్కినా రంగు మారకపోతే అది పుండు మొదటి దశ. మన చామనఛాయ ఒళ్లమీద ఎరుపు తేలిగ్గా కనబడదు. చుట్టుపక్కల చర్మంకంటే నల్లగా, వేడిగా, గట్టిగా ఉందేమో తడిమి చూడాలి. స్నానం చేయించేటప్పుడు తోకఎముక, తుంటులు, మడమలు రోజూ ఇలా చూడడం ఆయాలకు నేర్పితే సగం పుండ్లు రావు.

ఎయిర్ బెడ్ ఉందని తిప్పడం మానేస్తారు, మీ దగ్గర జరిగింది అదే అయ్యుంటుంది. పరుపు ఏదైనా, రెండు గంటలకోసారి పక్క మార్చాల్సిందే. పూర్తిగా ఒక పక్కకి కాకుండా వీపు వెనక దిండు పెట్టి కొంచెం వాలుగా ఉంచాలి. విరిగిన తుంటికి ఏ పక్క ఎంత ఆనవచ్చో సర్జన్‌ని అడిగి మంచం దగ్గర రాసిపెట్టమనండి. పిక్కల కింద దిండు పెట్టి మడమలు గాల్లో ఉండేలా చూడాలి. మధ్యలో చిల్లు ఉండే రింగు దిండ్లు వాడొద్దు. డైపర్ తడిగా ఉంచకూడదు. చర్మం చిట్లినా, నీరు కారినా నర్సు కట్టు కట్టాలి, సొంతవైద్యం వద్దు.

ప్రశ్న: నేను గుంటూరులో ఒక ఆశ్రమంలో వంటమనిషిని. పక్షవాతం వచ్చిన ఒక తాతగారికి మెత్తగా ఉంటుందని చారన్నం పెడితే పొలమారి దగ్గి దగ్గి నీలంగా అయిపోయారు. ఆసుపత్రిలో న్యుమోనియా అన్నారు. నేనేం తప్పు వండాను?
- ఒక వంటమనిషి, గుంటూరు

జవాబు: మీరు వండింది తప్పు కాదమ్మా, మీకెవరూ చెప్పలేదు. శిక్షణంటే నర్సులు, ఆయాలు గుర్తొస్తారు గానీ వంటింటిని ఎవరూ పిలవరు. ఈ వారం వచ్చిన ఉత్తరాల్లో నాకు బాగా నచ్చింది మీదే.

పక్షవాతం తర్వాత గొంతు కండరాలు నెమ్మదిస్తాయి. పల్చటిది గబుక్కున జారి ఊపిరిగొట్టంలోకి పోతుంది. అందుకే అలాంటివాళ్లకు మంచినీళ్లు కూడా ప్రమాదమే. నీళ్లు, మెతుకులు కలిసున్నది మరీ కష్టం. మెతుకు నోట్లో నలుగుతుండగానే చారు ముందే కిందికి దిగుతుంది. చారన్నం, పల్చటి మజ్జిగన్నం, పాలల్లో నానిన బిస్కెట్టు, నీళ్లోడుతున్న పుచ్చకాయ ముక్క అన్నీ ఆ కోవలోవే. వీటి బదులు ముద్దపప్పు బాగా కలిపిన మెత్తటి అన్నం, గట్టి పెరుగన్నం మిక్సీ పట్టి, చిక్కటి రాగిజావ, మెత్తగా నలిపిన అరటిపండు పెట్టవచ్చు. ఎవరికి ఎంత చిక్కదనం కావాలో మింగుడు పరీక్ష చేసే స్పీచ్ థెరపిస్టు గానీ డాక్టర్ గానీ చెబుతారు. ఆ కాగితం ఒకటి ఫైల్లోనే కాకుండా వంటింటి గోడమీదా ఉండాలి.

పెట్టే పద్ధతి కూడా అంతే ముఖ్యం. నిటారుగా కూర్చోబెట్టాలి, గడ్డం కొంచెం కిందికి వంచమనాలి. మనం తల వెనక్కి వంచి గ్లాసెత్తి పోస్తాం, అది వద్దు. చిన్న చెంచా, ఒక ముద్ద మింగాకే రెండోది. తిన్న అరగంట దాకా పడుకోబెట్టకూడదు. తిన్నాక గొంతు తడితడిగా గరగరమంటే ఆపేసి నర్సును పిలవాలి. మాత్రలు అన్నంలో నూరి కలపమని మిమ్మల్ని అడిగితే ఒప్పుకోకండి. పేరు చివర ఎస్ఆర్, ఎక్స్ఎల్, ఈఆర్ అని ఉన్నవి రోజంతా మెల్లగా కరిగే మాత్రలు. నూరితే మందంతా ఒక్కసారే ఒంట్లోకి వెళుతుంది.

ప్రశ్న: మా నాన్న ఆర్టీసీలో డ్రైవర్‌గా రిటైరయ్యారు. నాలుగేళ్లుగా డిమెన్షియా. తెల్లవారుజామున నాలుగింటికి లేచి డిపోకి వెళ్లాలంటారు, అది పాత అలవాటే. గత నాలుగు రోజులుగా మాత్రం రాత్రంతా అరుస్తున్నారని, మనుషుల్ని గుర్తుపట్టడం లేదని హోమ్ వాళ్లు చెబుతున్నారు. జబ్బు ముదిరిందని నిద్రమాత్ర మొదలుపెట్టారు, మంచానికి చేతులు కడుతున్నారు.
- ఒక కొడుకు, వరంగల్

జవాబు: డిమెన్షియా నెలలు, ఏళ్లమీద పెరుగుతుంది. నాలుగు రోజుల్లో మనిషి తారుమారయ్యారంటే ఒంట్లో వేరే ఏదో జరుగుతోందని అర్థం. దీన్ని డెలీరియం అంటారు. ఇవాళే డాక్టర్‌ని పిలిపించండి. మూత్రం ఇన్ఫెక్షన్, మూత్రం బిగిసిపోవడం, నాలుగైదు రోజుల మలబద్ధకం, ఒంట్లో నీరు తగ్గడం, సోడియం పడిపోవడం, న్యుమోనియా, ఈమధ్య మార్చిన మందు, ఎవరూ చూడని దెబ్బ, వీటిలో ఏదైనా కావచ్చు. ఎండాకాలంలో నీళ్లు అడగని ముసలివాళ్లకు ఇది మరీ తరచుగా వస్తుంది. ఆయన వినికిడి మిషన్, కళ్లజోడు ఎక్కడున్నాయో కూడా అడగండి. అవి అల్మారాలో ఉండి మనిషి చీకట్లో ఉంటే గందరగోళం రెట్టింపవుతుంది.

కారణం చూడకుండా నిద్రమాత్ర వేస్తే అరుపులు ఆగుతాయి, జబ్బు ఆగదు. మగతలో పొలమారతారు, లేచి పడతారు. ఆందోళన తగ్గించడానికి వాడే కొన్ని మానసిక రోగ మందులమీద, డిమెన్షియా ఉన్న వృద్ధుల్లో మరణాలు పెరుగుతున్నాయని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2005లోనే హెచ్చరిక ముద్ర వేయించింది. వాటి అవసరం ఒక్కోసారి ఉంటుంది. అది డాక్టర్ మనిషిని చూసి, ఎన్నాళ్లో రాసి ఇవ్వాలి. చేతులు కట్టడానికి మాత్రం నేను ఒప్పుకోను. కట్టినచోట ఒరుసుకుపోతుంది, భయం పెరుగుతుంది, విడిపించుకోబోయి ఇంకా దెబ్బలు తగులుతాయి. ఆ రాత్రులకు పక్కన ఒక మనిషిని కూర్చోబెట్టే ఖర్చు హోమ్‌తో మాట్లాడుకోండి.

డెలీరియం తగ్గాక కూడా నాలుగింటి డిపో ప్రయాణం మిగులుతుంది. 'మీరు రిటైరయ్యారు తాతా, పడుకోండి' అంటే కోపమొస్తుంది. 'ఏ రూటు సార్ ఇవాళ? ముందు టీ తాగండి' అనడం ఆయాలకు నేర్పవచ్చు. పెద్దవయసువాళ్లమీద దేశమంతా చేసే 'లాసి' సర్వేలో భాగంగా చేసిన అధ్యయనం మన దేశంలో 60 ఏళ్లు దాటినవాళ్లలో 7.4 శాతం మందికి, అంటే సుమారు 88 లక్షల మందికి డిమెన్షియా ఉందని అంచనా వేసింది. ఏ హోమ్‌లో ఆయాగా చేరినా ఇలాంటి తాతగారు ఒకరు ఎదురవుతారు. డిమెన్షియా ఉన్నవాళ్ల కోసం 1992లో కొచ్చిలో మొదలైన ఏఆర్‌డీఎస్ఐ సంస్థకు హైదరాబాద్‌లోనూ శాఖ ఉంది. కుటుంబాలకు, సిబ్బందికి డిమెన్షియా సంరక్షణ గురించి అక్కడ అడగవచ్చు.

ప్రశ్న: హోముల సిబ్బందికి ఇంత శిక్షణ ఉండాలని చట్టం లేదా?
- విశ్రాంత ఉపాధ్యాయుడు, కర్నూలు

జవాబు: మీరు ఆశించేంత లేదు మాస్టారూ. తల్లిదండ్రులు, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం 2007లో వచ్చింది. జిల్లాకొకటి చొప్పున, కనీసం 150 మంది నిరుపేద వృద్ధులుండేలా ఆశ్రమాలు పెట్టవచ్చని రాష్ట్రాలకు చెప్పింది. ప్రైవేటు హోముల సిబ్బంది ఏం చదివుండాలో చెప్పలేదు. ఆ లోటు పూడ్చడానికి హోముల రిజిస్ట్రేషన్, కనీస ప్రమాణాలతో సవరణ బిల్లును 2019 డిసెంబరులో లోక్‌సభలో పెట్టారు. అది చట్టం కాలేదు. 2024లో ఆ లోక్‌సభతోపాటే మురిగిపోయింది. రిటైర్మెంట్ హోములమీద కేంద్ర గృహనిర్మాణ శాఖ 2019లో ఇచ్చిన నమూనా మార్గదర్శకాలు సలహాల కిందికే వస్తాయి. అందువల్ల ఇవాళ హోమ్‌తో మీరు రాసుకునే ఒప్పందమే మీకు రక్ష. రాత్రి నర్సు ఉంటుందా, ఎంతమందికి ఒక ఆయా, ఏ ఆసుపత్రికి తీసుకెళతారు, ఎంతసేపట్లో కుటుంబానికి చెబుతారు, ఈ నాలుగూ అందులో రాయించుకోండి. నిర్లక్ష్యం, వేధింపు కనబడితే వృద్ధుల హెల్ప్‌లైన్ 14567కి చెప్పండి. అది పొద్దున ఎనిమిది నుంచి రాత్రి ఎనిమిది వరకే పనిచేస్తుంది.

ప్రశ్న: ఆదివారాలు అమ్మను చూడ్డానికి హోమ్‌కి వెళుతుంటాం. మోకాళ్ల నొప్పులంటే మాకు తెలిసిన మాత్రలు తీసుకెళ్లి దిండు కింద పెట్టి వస్తాం. నర్సు చూసి గొడవపెట్టుకుంది. కన్నతల్లికి మందు ఇచ్చుకునే హక్కు మాకు లేదా?
- అక్కాచెల్లెళ్లు, కాకినాడ

జవాబు: ఆ నర్సు జీతం పెంచమని మేనేజర్‌కి నేను సిఫార్సు చేస్తాను. మీ అమ్మగారికి ఏ మందులు నడుస్తున్నాయో ఆమె ఛార్టులో ఉంది, మీ దగ్గర లేదు. నొప్పిమాత్రలు చాలావరకు కిడ్నీలమీద పడతాయి. కొన్ని బీపీ మందులతో కలిస్తే ఆ దెబ్బ పెరగవచ్చు. రక్తం పల్చబడే మందుతో కలిస్తే కడుపులో రక్తస్రావం కావచ్చు. ఒకే మందు రెండు కంపెనీల పేర్లతో రెండుసార్లు పడుతుంది. కీళ్లవాతానికి ఇచ్చే మెథోట్రెక్సేట్ లాంటివి వారానికి ఒక్కరోజే వేసుకోవాలి. రోజూ వేసుకుని ప్రాణం మీదికి తెచ్చుకున్నవాళ్లున్నారు. దిండు కింద స్ట్రిప్పులో ఏముందో రాత్రి ఆయాకి ఎలా తెలుస్తుంది?

ఎంత శిక్షణ ఉన్న సిబ్బందైనా తమకు తెలియని మందు నుంచి కాపాడలేరు. ఆసుపత్రి నుంచి డిశ్చార్జి అయి వచ్చిన రోజున పాత మందుల సంచీ, కొత్త చీటీ రెండూ నర్సు ముందు పెట్టండి. ఏది ఆపారో, ఏది మార్చారో ఆమె చేత రాయించి, కింద మీరూ సంతకం పెట్టండి. పచ్చడి సీసా తెచ్చినా, ఆయుర్వేదం పొడి తెచ్చినా, పక్కింటివాళ్లు చెప్పిన కషాయం తెచ్చినా అమ్మ చేతికి ఇచ్చేముందు నర్సుకు చూపించండి. ఈ ఆదివారం వెళ్లినప్పుడు దిండు కిందున్నవన్నీ తీసి ఆ నర్సుకి అప్పగించండి.